కొరియన్ మేనేజర్ ‘నే’ అంటే ఒప్పుకున్నట్టేనా?

ఒక సప్లయర్ మీటింగు అనుకుందాం. మనవాడు రేటు చెప్పాడు, డెలివరీ తేదీ చెప్పాడు, డై తయారీకి అడ్వాన్సు కావాలన్నాడు. ఎదురుగా కూర్చున్న కొరియన్ పర్చేజ్ మేనేజరు ప్రతి మాటకూ తల పంకిస్తూ “నే... నే... నే” అంటూనే ఉన్నాడు. ‘నే’ అంటే అవునని మనవాడు యూట్యూబులో నేర్చుకుని వచ్చాడు. గేటు దాటగానే ఓనరుకి ఫోన్ కొట్టి “అన్నా, పనైపోయింది, అన్నిటికీ సరేనన్నారు” అన్నాడు. రెండు రోజులకు మెయిల్ వచ్చింది. రేటు తగ్గించమని, అడ్వాన్సు కుదరదని. వీళ్లు మాట మార్చే రకమని మనవాడు నిర్ధారణకు వచ్చేశాడు. నిజానికి అక్కడ ఎవరూ మాట ఇవ్వలేదు, మార్చనూ లేదు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కారు 2019లో బయటికొచ్చింది. దాని వెనకే విడిభాగాల కంపెనీలు వచ్చాయి. శ్రీసిటీలో ఎల్జీ ఫ్యాక్టరీకి 2025 మేలో శంకుస్థాపన జరిగింది. హైదరాబాదులో హ్యుందాయ్ ఇంజినీరింగ్ సెంటర్ ఎప్పటినుంచో ఉంది. శ్రీపెరంబుదూరు హ్యుందాయ్‌లోనూ, దాని చుట్టుపక్కలా తెలుగువాళ్లు పనిచేస్తున్నారు. వీళ్లలో చాలామంది కొరియన్ నేర్చుకుందామని పుస్తకం కొంటారు, అక్షరాలు వారంలో పట్టేస్తారు, పదాల పట్టికలు బట్టీ పడతారు. నా సలహా వేరు. మూడొందల పదాలకన్నా ముందు ఈ ఒక్క అక్షరాన్ని బాగా వినడం నేర్చుకోండి. షాపు ఫ్లోరు మీదా, ఫోనులోనూ, చాట్‌లోనూ మీ చెవిన అన్నిటికన్నా ఎక్కువసార్లు పడేది అదే. ఎక్కువ పొరపాట్లు పుట్టేదీ దాని దగ్గరే.

ముందు శబ్దం సంగతి. పుస్తకంలో ‘నే’ అని ఉంటుంది. సియోల్ మనిషి నోట అది చాలాసార్లు ‘దే’ అన్నట్టు వినిపిస్తుంది. మాట మొదట్లో వచ్చే న, మ శబ్దాలను వాళ్లు ముక్కుతో పూర్తిగా పలకరు, గాలి ముందే నోటిలోకి మళ్లుతుంది. ఫోనులో అయితే మరీను. “దే, దే” అని వినపడితే అది కొత్త మాటేమో అని తికమక పడొద్దు, ‘నే’యే. మీరు మాత్రం ‘నే’ అనే పలకండి. హ్రస్వమా దీర్ఘమా అన్న పట్టింపు అక్కడ లేదు. ఇంకో చిన్న తమాషా ఉంది. హడావుడిగా ఉన్న కొరియన్ ఫోనెత్తి “నే నే” అంటే తెలుగు చెవికి “నేనే” అన్నట్టు ఉంటుంది. మొదటి వారం నవ్వొస్తుంది, తర్వాత అలవాటైపోతుంది.

ఇక అర్థం. మన ఇళ్లలో అమ్మమ్మ కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొడుతూ ఉండాలి. కొట్టకపోతే కథ ఆగిపోతుంది. ఊఁ కొట్టినంత మాత్రాన రాజుగారి ఏడో కొడుకు చేసిన పనిని సమర్థించినట్టు కాదు గదా. కొరియన్ మేనేజరు మధ్యమధ్యలో అనే ‘నే’ ఆ ఊఁ లాంటిదే. వింటున్నాను, చెప్పండి, తర్వాత? ఇంతే దాని బరువు. ఇలా తాళం వేయడాన్ని వాళ్లు ‘మచ్చంగు’ అంటారు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చాంగు డోలు వాయించడం నుంచి వచ్చిన మాట అది. ఎదుటివాడు మాట్లాడుతుంటే గుడ్లప్పగించి మౌనంగా చూస్తూ కూర్చోవడం అక్కడ మర్యాద కాదు. అందుకని రేటు వినిపించినా, అబద్ధం వినిపించినా, చాలాసేపటివరకు ‘నే’లే వస్తుంటాయి.

మరి నిజంగా ఒప్పుకున్నాడని ఎలా తెలియాలి? ‘నే’ తర్వాత వచ్చే మాటను పట్టుకోవాలి. “నే, చోస్సుమ్నిదా” అంటే బాగుంది, సరే అని. “నే, కురొఖే హప్షిదా” అంటే అలాగే చేద్దాం అని. ఈ రెండిట్లో ఏది వచ్చినా కాగితం తీయొచ్చు. “నే, కురొన్దే...” అని సాగదీస్తే దాని అర్థం ‘కానీ’. అసలు విషయం ఇప్పుడే మొదలవుతోంది, చెవులు రిక్కించండి. “నే, కొమ్‌తో హె బోగెస్సుమ్నిదా” అన్నదాన్ని మాత్రం ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోండి. పరిశీలిస్తాం అని దాని అర్థం. మన ఆఫీసుల్లో ‘చూద్దాం లెండి’ ఎంత గట్టి హామీయో ఇదీ అంతే. కాదనడం ఇష్టంలేని మర్యాదస్తుడు ఎక్కడైనా ఇలాంటి మాటే వాడతాడు. అది విని బయటికొచ్చి ఆర్డరు వచ్చేసిందని చెప్పేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

స్వరం మారితే ఇదే అక్షరం వేరే పనులు చేస్తుంది. చివర్లో పైకి లేపి “నే?” అంటే ‘ఏమన్నారు? మళ్లీ చెప్పండి’ అని. అదే ఇంకాస్త గట్టిగా, కళ్లు పెద్దవి చేసి అంటే ‘ఏంటీ!’ అన్నంత ఆశ్చర్యం, ఒక్కోసారి కోపం. తలుపు కొడితే లోపలినుంచి వచ్చే “నే” అంటే లోపలికి రండి. హాజరు పిలిచినప్పుడు “నే” అంటే ఉన్నాను. ఆఫీసు ఫోన్ ఎత్తగానే “నే, క్వాలిటీ టీమ్ ఫలానా” అని మొదలుపెడతారు. అక్కడ దేనికీ అవునని చెప్పడం లేదు, అది హలో. మీ టేబుల్ మీద ఫోన్ మోగినా ఇలాగే ఎత్తడం అలవాటు చేసుకోండి. అవతలి మనిషి సగం కుదుటపడతాడు.

ఇప్పటిదాకా చెప్పింది వాళ్ల ‘నే’ గురించి. ఉద్యోగం మీద దెబ్బ పడేది మాత్రం మన ‘నే’ వల్ల. సూచన సగమే అర్థమైనా “నే, నే” అనేస్తాం. సార్ ముందు అర్థం కాలేదనడం మనకు నామోషీ. వాళ్లు దాన్ని విన్నాడని మాత్రమే తీసుకుంటే బాధ లేదు. కానీ కిందివాడు పైవాడికి ఆదేశం విన్నాక చివర్లో అనే ‘నే’కు అక్కడ విలువ ఎక్కువ. “నే, అల్గెస్సుమ్నిదా” అన్నారంటే అర్థమైంది, చేస్తాను అని మాట ఇచ్చినట్టే. సాయంత్రం వచ్చి ఏమైందని అడుగుతారు. అప్పుడు “ఆ డ్రాయింగు నాకు రాలేదు సార్” అంటే నడవదు. సగం అర్థమైనప్పుడు వాడాల్సింది ఇది: “హ్వగిన్‌హాగెస్సుమ్నిదా”. సరిచూసుకుని చెబుతాను అని. అసలేమీ అర్థం కానప్పుడు “తషి హన్‌బొన్ మల్సుమ్ హె జుసెయో”, అంటే ఇంకొక్కసారి చెప్పండి. ఈ రెండు వాక్యాలూ నాలుక మీద ఉన్నవాడు ఒక్క ‘నే’తో నెట్టుకొచ్చేవాడికన్నా ఆర్నెల్లలో ముందుంటాడు. మళ్లీ చెప్పించుకుంటే చిరాకు పడే మేనేజర్లు లేరని కాదు. ఆ చిరాకు ఒక నిమిషం ఉంటుంది. తప్పు పార్టు లైను మీద పోతే వచ్చే గొడవ వారం ఉంటుంది.

కాదన్న ప్రశ్న దగ్గర ఇంకో గుంట ఉంది. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. కొరియన్ లైను ఇంచార్జి వచ్చి “ఈ బోల్టులు ఇంకా బిగించలేదా?” అని అడిగాడు. మీరు బిగించేశారు. ఇంగ్లీషు మీడియం బుర్రతో ‘యెస్’ అనుకుని “నే” అన్నారు. ఆయనకు వినిపించింది: ‘అవును, మీరన్నది నిజమే, బిగించలేదు’. టార్క్ రెంచి పట్టుకుని మళ్లీ బిగించమంటాడు, లేదా లైను ఆపుతాడు. కొరియన్‌లో ‘నే’ ప్రశ్నలోని మాటతో ఏకీభవిస్తుంది, జరిగిన పనితో కాదు. పని అయిపోయి ఉంటే అక్కడ చెప్పాల్సింది “అనియో, హెస్సుమ్నిదా”. అంటే ‘కాదు, చేశాను’.

తెలుగువాడికి ఇది నిజానికి సులువుగా పట్టుబడాలి. అన్నం తినలేదా అంటే మనం “తిన్నాను” అంటాం, “ఊఁ, తినలేదు” అంటాం. క్రియతోనే జవాబిస్తాం. ఆ ఇంటి అలవాటునే అక్కడికి తీసుకెళ్లండి. అవును, కాదు రెండూ పక్కనపెట్టి సూటిగా క్రియ చెప్పండి. చేస్తే “హెస్సుమ్నిదా”. ఇంకా చేయకపోతే “ఆజిక్ మొత్ హెస్సుమ్నిదా”. కాదన్న ప్రశ్నకు ఉత్త ‘నే’ ఎప్పుడూ జవాబుగా ఇవ్వొద్దు. దుబాసీ మధ్యలో ఉన్నప్పుడు కూడా ఇదే పద్ధతి. ఆయన కొరియన్ నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి తెలుగుకు దూకే లోపల అవును కాదుగా మారిపోవడానికి ఎక్కువసేపు పట్టదు.

తల కూడా కాస్త అదుపులో పెట్టుకోవాలి. సరేనంటూ మనం తలను పక్కలకు ఆడిస్తాం. వాళ్లకు పక్కలకు ఆడే తల ‘కాదు’. నోరు ‘నే’ అంటూ తల కాదంటుంటే ఆయన దేన్ని నమ్మాలి? కిందికీ పైకీ ఒక్కసారి, నిదానంగా ఆడించండి, చాలు.

ఇక ‘నే’ అని వినిపించినవన్నీ అవునులు కావు. నాలుగు అనే అంకె కూడా ‘నే’యే. విడిగా లెక్కపెట్టేటప్పుడు ‘నెత్’, వెనక వస్తువో గంటో మనిషో వస్తే ‘నే’. మనం నాలుగును నలుగురులో ‘నలు’ చేసినట్టు వాళ్లూ రూపం మారుస్తారు. నాలుగు నెలలు, నాలుగు కాగితాలు అన్నప్పుడు అది ‘నొక్’ అవుతుంది. పదిహేనో శతాబ్దపు కొరియన్‌లో ఈ అంకె చివర ఒక హకారం ఉండేది, ఇప్పుడది లేదు. మీకు పనికొచ్చే సంగతి వేరే ఉంది. మూడు గంటలు ‘సే షి’, నాలుగు గంటలు ‘నే షి’. ప్రెస్ షాపు మోతలో ఈ రెండిటికీ తేడా దేవుడికే తెలియాలి. ఆడిట్ సే షికో నే షికో తేలకపోతే వేళ్లు చూపించి అడగండి, లేదా అంకె రాసి చూపించండి. నిమిషాలకు, తేదీలకు, అంతస్తులకు చైనా నుంచి వచ్చిన ‘సా’ అనే నాలుగు వాడతారు. నాలుగు గంటల నాలుగు నిమిషాలు అంటే ‘నే షి సా బున్’. ఒకే వాక్యంలో నాలుగు రెండు వేషాల్లో వస్తుంది. చావు అనే మాట కూడా ‘సా’ అనే పలుకుతుంది కాబట్టి కొన్ని లిఫ్టుల్లో నాలుగు బదులు ఎఫ్ అక్షరం కనిపిస్తుంది. ‘నేయిల్’ అంటే రేపు. మొదట్లో ‘నే’ వినపడగానే సరేనన్నాడని సంబరపడితే, ఆయన రేపు రమ్మన్నాడేమో.

వాక్యం చివర వచ్చే ‘నే’ ఇంకా ముఖ్యం. అది ఇప్పుడే గమనించాననే సూచన. “ఓహో, ఇలా ఉందే” అన్నప్పటి మన ‘ఉందే’కు దగ్గర. బయటికి చూసి వాన పడటం కనిపిస్తే “పీగా ఓనే” అంటారు. మెషీను దగ్గర నిలబడి ఇంజినీరు తనలో తాను గొణుక్కునే మాటలన్నీ దాదాపు ఈ ‘నే’తోనే ముగుస్తాయి. “ఈసంగ్‌హానే” అంటే ఏదో తేడాగా ఉందే. “ఒమ్నే” అంటే లేదే. “ఆన్ ద్వెనే” అంటే పని చేయడం లేదే. ట్రయల్ రన్ రోజున ఈ మూడింటిలో ఏది వినిపించినా ఫోన్ జేబులో పెట్టి దగ్గరికి వెళ్లండి. ఆయన పిలవలేదని ఆగకండి. “చల్‌హానే” వినిపిస్తే మాత్రం మెచ్చుకోలు. బాగా చేస్తున్నాడే అని. అది మీరు తిరిగి ఆయనతో అనకూడదు. కిందివాడు పైవాణ్ని మెచ్చుకోవడమే అక్కడ కాస్త ఎబ్బెట్టు, అందులో గౌరవ ప్రత్యయం లేకుండా మెచ్చుకోవడం మరీను.

‘నీ’ అన్న అర్థంలో కూడా ‘నే’ ఉంది. దీనికి కొంచెం చరిత్ర చెప్పాలి. కొరియన్‌లో నేను ‘నా’, నువ్వు ‘నొ’. వాటికి ఇకారం చేరితే నా, నీ అనే సంబంధార్థం. సెజోంగ్ రాజు 1446లో లిపిని ప్రకటించిన కాలంలో ఇవి ‘నాయ్’, ‘నొయ్’ అని రెండు స్వరాలు కలిసి పలికేవి. లిపిలో ఇప్పటికీ ఆ రెండు గీతలూ పక్కపక్కనే కనిపిస్తాయి. తర్వాత ఆ జంట స్వరాలు ఒక్కొక్క స్వరంగా కుదించుకుపోయాయి. ఇటీవలి తరాల్లో ఆ రెండు స్వరాల మధ్య తేడా కూడా చెరిగిపోయింది. ఇప్పుడు నాదీ ‘నే’, నీదీ ‘నే’. నా పెన్నో నీ పెన్నో తేలని భాషతో ఎవరు బతుకుతారు? అందుకని మాట్లాడేటప్పుడు నీదాన్ని ‘నీ’ చేసేశారు. వ్యాకరణం దాన్ని ఇంకా ఒప్పుకోలేదు, జనం పట్టించుకోవడం మానేశారు.

అవును, మన ‘నీ’యే. నా, నీ రెండూ కలిశాయి గదా అని చాలామంది తెలుగువాళ్లు, తమిళులు ఉబ్బిపోతారు. ఈ ఉబ్బు కొత్తది కాదు. హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1905లోనే కొరియన్ వ్యాకరణాన్ని ద్రావిడ భాషలతో పోల్చి ఒక పుస్తకం వేశాడు. భాషాశాస్త్రవేత్తలు మాత్రం ఈ బంధుత్వాన్ని అంగీకరించలేదు. ఒకటి రెండు అక్షరాల మాటలు ప్రపంచంలో ఎక్కడైనా కలుస్తాయి. కొరియన్ కొలీగ్‌తో టీ తాగుతూ చెప్పుకోవడానికి మంచి కబురు, అంతవరకే. పని దగ్గర గుర్తుంచుకోవాల్సింది వేరు. ఆ ‘నీ’ని మీ పైవాళ్ల మీద ఎప్పుడూ వాడకండి. తెలుగులో మేనేజరును ‘నీ ఫైలు’ అంటే ఎలా ఉంటుందో అక్కడ అంతకన్నా ఘోరంగా ఉంటుంది. కొరియన్‌లో పైవాళ్లకు సర్వనామమే వాడరు, హోదా వాడతారు. పుజంగ్‌నిమ్, క్వాజంగ్‌నిమ్. చివరి ‘నిమ్’ మన ‘గారు’. డిపార్ట్‌మెంట్ హెడ్‌గారి ఫైలు అంటాం చూడండి, అలా.

పెద్ద వయసు మేనేజరు మిమ్మల్ని ‘చానే’ అని పిలిస్తే చిన్నబుచ్చుకోకండి. అది చిన్నవాడైన పెద్దమనిషిని పిలిచే నువ్వు. మామగారు అల్లుణ్ని, ప్రొఫెసరు పెద్దయిన శిష్యుణ్ని అలా పిలుస్తారు. ఇప్పటి కుర్ర మేనేజర్ల నోట పెద్దగా వినపడదు. ఈ మాట మర్యాద కాలంతో మారింది కూడా. 1998లో ఆందోంగ్‌లో ఒక పాత సమాధిని తరలిస్తుంటే, 1586లో చనిపోయిన యి ఉంగ్‌తే అనే వ్యక్తికి అతని భార్య రాసి శవం పక్కన పెట్టిన ఉత్తరం దొరికింది. అందులో ఆమె భర్తను సంబోధించింది ఈ మాటతోనే. ఇవాళ ఒక కొరియన్ భార్య భర్తను ‘చానే’ అంటే ఇంటిల్లిపాదీ తిరిగి చూస్తారు.

పేరు చివర చేరే ‘నే’ మనకు అసలు కష్టం కాదు. మిన్సునే అంటే మిన్సు వాళ్లు, మిన్సు వాళ్లిల్లు. రమణ వాళ్లు అన్నట్టే. పాత కొరియన్‌లో ఇది గౌరవంతో కూడిన బహువచనం. మన ‘వాళ్లు’ కూడా గౌరవానికీ బహువచనానికీ రెండిటికీ పనికొస్తుంది గదా.

ఇక యాసలు. పుస్తకాలూ, టోపిక్ అనే కొరియన్ భాషా పరీక్షా నేర్పేది సియోల్ భాష. టోపిక్‌లో ఒకటి, రెండు స్థాయిలకు ఒక పరీక్ష, మూడు నుంచి ఆరు వరకు ఇంకో పరీక్ష. రెండిట్లోనూ వినే భాగం ఉంటుంది. అందులో మాట్లాడేవాళ్లు స్టూడియోలో కూర్చుని ఇస్త్రీ చేసిన గొంతుతో మాట్లాడతారు. మీ లైను దగ్గరికి వచ్చే సాంకేతిక నిపుణుడు అలా మాట్లాడడు. కొరియా ఫ్యాక్టరీల పటం ఒకసారి చూడండి. హ్యుందాయ్ ప్రధాన కర్మాగారం ఉల్సాన్‌లో, పోస్కో ఉక్కు పోహాంగ్‌లో, ఎల్జీ గృహోపకరణాలు చాంగ్వన్‌లో. ఇవన్నీ ఆగ్నేయంలోని గ్యోంగ్‌సాంగ్ ప్రాంతం. కియాకు సియోల్ చుట్టుపక్కల ప్లాంట్లున్నాయి, నైరుతిలో జొల్లా యాస ఉన్న గ్వాంగ్జులోనూ ఉంది. మన దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ ఊళ్లవాళ్లు ఉండటం సహజం.

గ్యోంగ్‌సాంగ్ మనిషి ‘నే’ బదులు ఎక్కువగా ‘యే’ అంటాడు. 1988కి ముందు ప్రామాణిక భాషలో కూడా ‘యే’ ఒక్కటే ఒప్పు. ‘నే’ సియోల్ వాడుక. ఆ ఏడాది ప్రకటించిన ప్రమాణ భాషా నియమాల్లో రెండింటినీ అంగీకరించారు. కాబట్టి ‘యే’ అంటే పల్లెటూరి మాట అనుకోవడం పొరపాటు. ఇప్పటికీ సైన్యంలోనూ, లాంఛనమైన సభల్లోనూ గట్టిగా వినపడేది అదే. కొరియన్ మగవాళ్లు చాలామంది ఏడాదిన్నర, రెండేళ్లు సైన్యంలో చేసి వస్తారు. బాస్ మరీ పెద్దాయన అయితే మీరు కూడా “యే, అల్గెస్సుమ్నిదా” అనొచ్చు. తప్పు కాదు సరికదా, ఓ మెట్టు మర్యాద.

గ్యోంగ్‌సాంగ్ వాళ్లు వాక్యం చివరి మర్యాద ‘యో’ను కూడా ‘యే’ చేస్తారు. సియోల్‌లో “మజాయో” అంటే అక్కడ “మజాయే”. నిజమేనండి అని. పరీక్ష పాసై వచ్చిన కుర్రాడు దీన్ని విని అవునో కాదో తెలియక బిక్కమొహం వేస్తాడు. ఇంకొకటి, వాళ్ల మాటలో పాతకాలపు స్వరభేదం మిగిలి ఉంది. పదిహేనో శతాబ్దంలో అక్షరం పక్కన చుక్కలు పెట్టి చూపించిన ఎత్తుపల్లాలు సియోల్‌లో పోయాయి, గ్యోంగ్‌సాంగ్‌లో పోలేదు. దానివల్ల మామూలు మాట కూడా కొత్త చెవికి తగువులా ఉంటుంది. ఉల్సాన్ ఇంజినీరు గొంతు లేపి “యే!” అన్నాడని తిట్టాడనుకోకండి. సరే అన్నాడు, అంతే. జొల్లా, చుంగ్‌చొంగ్ ప్రాంతాల పెద్దవాళ్ల నోట ఇది ‘యా’ అని కూడా వస్తుంది. ఇంగ్లీషు ‘యా’ కాదు, మర్యాదగా అన్న అవునే. జెజు దీవిలో లెక్కే వేరు, కానీ అక్కడినుంచి ఫ్యాక్టరీల్లోకి వచ్చేవాళ్లు తక్కువ కాబట్టి వదిలేద్దాం.

ఈ యాసలు మీరు మాట్లాడాల్సిన పని లేదు. మాట్లాడకపోతేనే మంచిది, వెక్కిరిస్తున్నారనుకునే ప్రమాదం ఉంది. వినడం వస్తే చాలు. మీ టీములో ఉన్న కొరియన్లు ఏ ఊరివాళ్లో ఒకసారి అడిగి తెలుసుకోండి. ఊరు అడిగితే సంతోషించని కొరియన్ అరుదు. ఆ ఊరి మాట యూట్యూబులో పది నిమిషాలు వింటే రెండో రోజు నుంచి తేడా తెలుస్తుంది.

చివరగా చాట్. కొరియన్ ఆఫీసు పని సగం కాకావో టాక్‌లో నడుస్తుంది. అక్కడ ‘నే’ అని ఉత్తగా రాస్తే పొడిగా, మొహం ముడుచుకున్నట్టు ఉంటుందని ఇప్పటి ఉద్యోగులకు ఒక భయం. అందుకని చివర ఒక పకారం తగిలించి ‘నెప్’ అంటారు. హుషారుగా, అటెన్షన్‌లో నిలబడి అన్నట్టు. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే బాస్ ఏం పంపినా ‘నెప్’ కొట్టడాన్ని వాళ్లే నవ్వుతూ ‘నెప్ జబ్బు’ అంటారు. ‘నేంగ్’ అని రాస్తే గారాబం, సాటివాళ్లతో తప్ప వద్దు. ‘నేనే’ అని రెండుసార్లు రాస్తే ‘సరే సరే, ఇక ఆపు’ అన్నట్టు తగలొచ్చు. నోటితో రెండుసార్లు అనడం వేరు, రాయడం వేరు. చుక్కలు పెట్టి ‘నే...’ అని రాస్తే అయిష్టం. ఇండియన్ ఉద్యోగి ‘నే, అల్గెస్సుమ్నిదా’ అని పూర్తిగా రాయడమే అన్నిటికన్నా క్షేమం. కొత్త మోజులో ‘నెప్’లు కురిపించకండి. రోజుకు నలభై నెప్‌లు కొట్టి ఒక్క రిపోర్టూ పంపనివాడి పేరు ఏ దేశంలోనైనా ఒకేలా గుర్తుండిపోతుంది.

మొదట్లో చెప్పుకున్న ఆ సప్లయర్ లాంటి మీటింగు మీకూ వస్తుంది. ‘నే’లు ఎన్ని వినపడినా లెక్కపెట్టకండి. లేచే ముందు రేటు, తేదీ, అడ్వాన్సు, ఎవరు ఏం చేయాలి అన్నవి అంకెలతో సహా ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టి, ఒక్కో వరస మీద వేలు పెట్టి అడగండి. అదే రోజు సాయంత్రం ఆ వరసలనే మెయిల్ చేసి, తేడా ఉంటే రేపటిలోగా చెప్పమని రాయండి. ఓనరుకి ఫోన్ ఆ మెయిల్‌కు జవాబు వచ్చాకే.